బోటు ఇంజిన్‌కు కంపెనీ విడిభాగాలా, బయటి తయారీవా?

ప్రశ్న (బోటు యజమాని, జాలారిపేట, విశాఖపట్నం):
అందరికీ నమస్కారం. మా మర బోటు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, ఆ 61 రోజుల్లోనే డీజిల్ ఇంజిన్ విప్పించి బాగు చేయించుకోవాలి. ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి పంపు ఇంపెల్లర్ (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం), ఆయిల్ ఫిల్టర్, డీజిల్ చిమ్మే నాజిళ్లు, జింక్ ప్లేట్లు మార్చాలని మెకానిక్ చెప్పారు. అన్నీ కంపెనీవే కొనాలంటే తలకు మించిన ఖర్చు. బయటివి వేస్తే నడిసముద్రంలో ఇంజిన్ ఆగుతుందేమోనని భయం. ఎక్కడ రాజీ పడవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (మెరైన్ మెకానిక్):
ధర సంగతి తర్వాత చూద్దాం. ఆ పార్టు పాడైతే బోటు తిరిగి ఒడ్డుకు రాగలదా లేదా అన్నది ముందు ఆలోచించండి. ఇంపెల్లర్‌కు మాత్రం కంపెనీదే కొనండి. నాసిరకం రబ్బరు రెక్కలు పంపులో ఒక పక్కకు వంగి అలాగే బిగిసిపోతాయి, మొదలు దగ్గర పగులుతాయి, చివరకు తెగిపోతాయి. నీరు తగ్గి ఇంజిన్ వేడెక్కడం ఒక నష్టమైతే, తెగిన ముక్కలు హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజిన్ వేడిని సముద్రపు నీటికి వదిలే భాగం) గొట్టాల్లో ఇరుక్కోవడం మరో నష్టం. కొత్తది బిగించేముందు పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ ముక్కను వెతికి తీయాల్సిందే. బోటులో ఒక ఇంపెల్లర్ అదనంగా ఉంచుకోండి.

సమాధానం (బోటు యజమాని, భీమిలి):
అన్నగారూ, బయటి తయారీ వేరు, డూప్లికేట్ వేరు. నాజిళ్ల వంటివాటిని చాలా ఇంజిన్ కంపెనీలు సొంతంగా తయారు చేయవు. బాష్ వంటి సంస్థల దగ్గర తీసుకొని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. పాత నాజిల్ మీది నంబరు చూసి, అదే నంబరుది ఆ తయారీ సంస్థ అధీకృత డీలరు దగ్గర బిల్లుతో తీసుకుంటే నాణ్యత తగ్గదు, డబ్బు మిగులుతుంది. బిల్లు ఇవ్వనన్న దుకాణంలో ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దు. ఆయిల్ ఫిల్టర్ కూడా పేరున్న సంస్థది వేయవచ్చు. అయితే ఫిల్టర్ బిగించే మర (థ్రెడ్) ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపేది) కూడా మీ ఇంజిన్‌కు చెప్పినదే అయి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నాజిళ్ల నంబర్లు రాసి పెట్టుకుంటాను. జింక్ ప్లేట్లు ఎవరివైనా ఒకటేనా?

సమాధానం (మెరైన్ మెకానిక్):
వాటికి ఇంజిన్ కంపెనీ పేరుతో పని లేదు, లోహం మంచిదైతే చాలు. ప్రొపెల్లర్, షాఫ్ట్‌లను ఉప్పునీరు తినేయకుండా తాను కరిగిపోవడమే జింక్ పని. ఇనుము కలిసిన నాసిరకం జింక్ పైన పొర కట్టి, కరగడం మానేస్తుంది. నెలల తరబడి నీటిలో ఉన్నా ప్లేటు కొత్తదానిలాగే కనిపిస్తే సంతోషించకండి, అది పనిచేయడం లేదన్నమాట. బిగించే చోట తుప్పు, రంగు గీకి లోహానికి లోహం తగిలేలా చేయండి. పడవకు రంగు వేసేవారితో జింక్ మీద మాత్రం బ్రష్ పెట్టవద్దని ముందే చెప్పండి.