ఇసుక నేల మడులకు మల్చింగ్: అడుగున షీటు వేయాలా, ఎంత మందం పరచాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంటి చుట్టూ ఉన్న మడులన్నీ కలిపి దాదాపు 20 చదరపు మీటర్లు ఉంటాయి. నేల పూర్తిగా ఇసుక. తడిగా ఉన్నప్పుడు పిడికిట్లో పెట్టి నొక్కినా ముద్ద కట్టదు. సగం మడుల్లో టమాటా, వంగ, బీన్స్ ఉన్నాయి, మిగతా సగంలో పూల పొదలు. పొద్దున్నే నీళ్లు పెట్టినా సాయంత్రానికి మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. ఎరువు వేస్తే కొన్నాళ్లు పచ్చగా ఉండి మళ్లీ ఆకులు పాలిపోతున్నాయి.

ఈసారి మల్చింగ్, అంటే నేల మీద చెక్క ముక్కలు, గడ్డి లాంటివి కప్పుగా పరిచే పనిని, దాన్నే వృత్తిగా చేసేవాళ్లకు అప్పగిద్దామనుకుంటున్నాం. వాళ్లు వచ్చి చూసి చెప్పింది ఇదీ: కలుపు పీకేసి, అది మళ్లీ రాకుండా నల్ల షీటు పరిచి, మొక్కల దగ్గర కోసి, దాని మీద 15 సెంటీమీటర్ల మందాన చెక్క ముక్కలు పోస్తారట. ఒక్క రోజులో అయిపోతుందన్నారు. సరే అనేముందు ఇక్కడ అడుగుదామనిపించింది. షీటు నిజంగా అవసరమా? 15 సెంటీమీటర్లు మరీ ఎక్కువ కాదా? ఇసుక నేలకు వేరే పద్ధతి ఏమైనా ఉందా?

మొదటి జవాబు:

ముందే అడిగి మంచి పని చేశారండి. వాళ్లు చెప్పింది నడకదారికి, రాళ్లు పరిచే చోటుకి సరిపోయే పద్ధతి. ఇసుక నేలలో మొక్కలున్న మడికి నేనైతే ఒప్పుకోను.

ఇసుక రేణువులు పెద్దవి, వాటి మధ్య ఖాళీలూ పెద్దవే. పోసిన నీళ్లు ఆగకుండా కిందికి దిగిపోతాయి. ఆ నీళ్లలో కరిగిన నత్రజని, పొటాష్ కూడా వేళ్లకు అందనంత లోతుకు పోతాయి. బంకమట్టి అయితే పోషకాలను పట్టి ఉంచుకుంటుంది. ఇసుకకు ఆ గుణం చాలా తక్కువ. అందుకే ఇసుక నేలలో ఆ భారమంతా కుళ్లిన ఆకు, గడ్డి, కంపోస్టు మీదే పడుతుంది. మీరు వేసిన ఎరువు కొన్నాళ్లే కనిపించి మాయమవడానికి కారణం చాలావరకు ఇదే.

అంటే మీ మడిలో మల్చ్ చేయాల్సిన పనులు రెండు. పైన ఉన్నంతకాలం ఎండ, గాలి నేలకు తగలకుండా కాపాడాలి. కుళ్లి కిందికి దిగాక నేలకు నీళ్లు, పోషకాలు పట్టి ఉంచే గుణం ఇవ్వాలి. మధ్యలో షీటు వేస్తే రెండో పని అక్కడితో ఆగిపోతుంది. వానపాములు పైకొచ్చి ఆకును కిందికి లాక్కెళ్లే దారి మూసుకుపోతుంది. పోనీ కలుపైనా రాదా అంటే, కొంతకాలానికి చెక్క ముక్కలు షీటు మీదే కుళ్లి మట్టిలా తయారవుతాయి. గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలు అందులోనే మొలుస్తాయి. వాటి వేళ్లు షీటు అల్లికలోకి దిగాయంటే పీకడం మహా కష్టం, షీటుతో సహా లేచి వస్తుంది.

ఇక ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది, మీకు అన్నిటికన్నా ముఖ్యం అదే. పూర్తిగా ఎండిన ఇసుక నేల చాలాసార్లు నీటిని లోపలికి రానివ్వదు. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే మైనం లాంటి పదార్థం ఇసుక రేణువుల మీద పూతలా పట్టేస్తుంది. పరీక్ష చాలా తేలిక. పైన ఉన్న చెత్త పక్కకు తోసి, ఎండిన ఇసుక మీద ఒక్క నీటి బొట్టు వేయండి. వెంటనే ఇంకిపోతే పరవాలేదు. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడి, దుమ్ము అంటించుకుని అయిదారు సెకన్లు దాటినా అలాగే ఉందంటే మీ నేలకు ఆ జబ్బు ఉన్నట్టే.

బొట్టు ఇంకినా, ఇంకకపోయినా నీళ్లు పెట్టిన గంట తర్వాత బొరిగెతో ఒక చోట 20 సెంటీమీటర్ల లోతున నిలువుగా కోసి చూడండి. పైన వేలెడు మందం నల్లగా తడిగా ఉండి, దాని కింద తెల్లటి పొడి ఇసుక బొరిగె తగలగానే జలజలా రాలిపోతే, మీరు పోసిన నీళ్లు పక్కలకు పోయాయి తప్ప వేళ్ల దాకా రాలేదన్నమాట. ఒక్కోసారి ఒక చోట తడి నిలువునా చారలా దిగి, దాని పక్కనే జానెడు దూరంలో ఎండిపోయి ఉంటుంది. ఈ స్థితిలో పైన ఎంత మంచి మల్చ్ వేసినా మీరు కప్పుతున్నది పొడి నేలనే. మల్చ్ తడిని కాపాడుతుందే కానీ తడిని పుట్టించదు.

కాబట్టి పనివాళ్లతో ఈ వరసలో చేయించుకోండి. కలుపు వేళ్లతో సహా తీయించాక 3 నుంచి 5 సెంటీమీటర్ల మందాన బాగా మాగిన కంపోస్టు పరిపించి పై 15 సెంటీమీటర్ల ఇసుకలో కలిపించండి. పొదల మొదళ్ల దగ్గర మాత్రం తవ్వొద్దు, వేళ్లు తెగుతాయి. అక్కడ కంపోస్టు పైన పరిస్తే చాలు. తర్వాత నీళ్లు. ఒకేసారి పైపు వదిలేయకుండా సన్నగా కొంతసేపు పెట్టి, ఆపి, ఇంకాక మళ్లీ పెట్టాలి. బొరిగెతో కోసి చూసి 20 సెంటీమీటర్ల దాకా తడి కనిపించాకే మల్చ్ పరచాలి. ఒక్క రోజులో ముగించాలన్న తొందరలో ఎగిరిపోయేది ఈ మెట్టే. నీళ్లు పెట్టే పని ముందు రోజే మీరు చేసి పెట్టుకున్నా సరే, వాళ్లు వచ్చాక మాత్రం దగ్గరుండి చూసుకోండి.

మందం సంగతి. చెక్క ముక్కలైతే 7 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. 15 సెంటీమీటర్లు పోస్తే చిన్న జల్లులు, మీరు పైనుంచి పోసే నీళ్లు ఆ ముక్కలే తాగేస్తాయి, నేలకు దిగవు. ఎండుగడ్డి వదులుగా ఉంటుంది కాబట్టి 10 నుంచి 15 సెంటీమీటర్లు వేసినా వారాల్లో సగానికి అణుగుతుంది. ఎండుటాకులు అలాగే వేస్తే తడిసి ఒకదానికొకటి అతుక్కుని అట్ట కడతాయి. నలగ్గొట్టి 5 సెంటీమీటర్లు వేయండి. లెక్క కూడా చెబుతాను. 20 చదరపు మీటర్లకు 7.5 సెంటీమీటర్లంటే 1.5 ఘనపు మీటర్ల సరుకు. వాళ్లు చెప్పిన 15 సెంటీమీటర్లకు 3 ఘనపు మీటర్లు అవుతుంది. అన్ని మడులకూ చెక్క ముక్కలే వేసినా మీరు కొనాల్సింది అందులో సగమే.

మొక్క మొదలు చుట్టూ కాండానికి 5 సెంటీమీటర్ల దూరం, పొదలకైతే 10 సెంటీమీటర్ల దాకా ఖాళీ వదలాలి. కాండం చుట్టూ గుట్టలా పోసి అందంగా చేశామని చూపించేవాళ్లున్నారు. ఆ తడికి బెరడు మెత్తబడి కుళ్లుతుంది. దీని మీద మాత్రం మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి.

ఇంకొకరు:

షీటు విషయంలో నాది కొంచెం వేరే మాట. నా కూరగాయల మడులూ ఇసుకవే. సన్నటి మల్చింగ్ పేపరు (పేరుకే పేపరు, పలచటి ప్లాస్టిక్ షీటు) వేసి, దాని కింద డ్రిప్ పైపు పెట్టి, రంధ్రాల్లో నారు నాటుతాను. కలుపు బెడద లేదు, నీళ్లూ బాగా ఆదా అవుతున్నాయి. షీటు అనగానే వద్దనేయడం సరికాదేమో?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మీ పద్ధతి సరైనదేనండి, నేను దాన్ని కాదనడం లేదు. మీరు ఒక పంట కోసం పేపరు వేసి, కింద డ్రిప్ ఉంచి, పంట అయ్యాక తీసేస్తున్నారు. మడిలో కంపోస్టు కలిపే అవకాశం ప్రతి పంటకూ మీకు ఉంది. వీళ్లకు చెప్పింది ఏళ్ల తరబడి ఉండిపోయే షీటు, దాని మీద చెక్క ముక్కలు, కింద డ్రిప్ మాటే లేదు. ఆ రెండింటికీ పోలిక లేదు. మీ పద్ధతిలోనూ ఒక జాగ్రత్త ఉంది. నల్ల పేపరు కింద నేల బాగా వేడెక్కుతుంది, ఎండలు మండే కాలంలో నాటేటప్పుడు లేత కాండం పేపరు అంచుకు తగిలితే కమిలిపోతుంది. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న పేపరుతో ఆ వేడి తగ్గుతుంది.

మడిలో తుంగ ఉంటే మాత్రం పేపరునూ నమ్ముకోకండి. దాని మొలక సూదిలా పేపరును పొడుచుకుని పైకొస్తుంది. గడ్డలతో సహా తవ్వి తీయడం తప్ప దగ్గరి దారి లేదు.

మరొకరు:

రంపపు పొట్టు ఎక్కడైనా తేలిగ్గా దొరుకుతుంది కదా, అదే వేస్తే? నత్రజని లాగేస్తుందని కొందరంటారు, అందులో నిజమెంత?

మొదటి జవాబు ఇచ్చినవారు:

నిజం ఉంది, కానీ భయపడేంత కాదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కర్బనంతోపాటు నత్రజని కూడా కావాలి. రంపపు పొట్టులో నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం కొన్ని వందల వంతులు ఉంటుంది. ఎండుగడ్డిలో సుమారు 80 వంతులు, పచ్చిగడ్డి కత్తిరింపుల్లో 20 లోపు. కర్బనం మరీ ఎక్కువగా ఉన్న సరుకును మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు తమకు తక్కువైన నత్రజనిని మట్టిలోంచి తీసుకుంటాయి, మొక్కలు పసుపెక్కుతాయి. పైన మాత్రమే పరిస్తే ఆ లాగుడు నేలకు తగిలే పలచటి పొర దగ్గరే జరుగుతుంది. లోతుగా వేళ్లున్న పొదలకు తేడా తెలియదు. విత్తనం వేసిన చోట, లేత నారు ఉన్న చోట మాత్రం తెలుస్తుంది.

రంపపు పొట్టుతో అసలు ఇబ్బంది వేరే. సన్నగా ఉండటంతో అణిగి పలకలా గట్టిపడుతుంది, ఎండాక నీళ్లు దాని మీంచి జారిపోతాయి. ఇసుక నేలలో నీళ్లు దించడానికే ఇంత కష్టపడుతున్నప్పుడు పైన ఇంకో మూత ఎందుకు? ముతక ముక్కలే మేలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థ్యాంక్స్. బొట్టు పరీక్ష చేశాను. పూల పొదల మడిలో బొట్టు చాలాసేపు నిలబడే ఉంది, కూరగాయల మడిలో వెంటనే ఇంకింది. పనివాళ్లతో కూడా మాట్లాడాను, షీటు లేకుండా చేయడానికి ఒప్పుకున్నారు. వాళ్ల దగ్గర రెండు రకాల సరుకు ఉంది: ఒట్టి బెరడు ముక్కలు, చెట్లు కొట్టినప్పుడు ఆకులు, రెమ్మలతో కలిపి ఆడించిన పచ్చి ముక్కలు. బెరడు చూడ్డానికి బాగుంది. ఏది తీసుకోవాలి? గోడ పక్కన వేస్తే చెదలు వస్తాయేమోనని కూడా కాస్త టెన్షన్‌గా ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:

కూరగాయల మడిలో మీరు తరచూ తవ్వుతూ నీళ్లు పెడుతుంటారు కాబట్టి అక్కడ ఇంకి ఉంటుంది. పొదల మడికి నీళ్లు ఇంకా నెమ్మదిగా, ఎక్కువసార్లు పెట్టాలి. కంపోస్టు పరిచాక కూడా ఇంకకపోతే నీళ్లు నేలలోకి ఇంకేలా చేయడానికి తోటల కోసం అమ్మే తడిపే మందు (వెటింగ్ ఏజెంట్) ఉంటుంది, డబ్బా మీద రాసిన మోతాదులో నీళ్లలో కలిపి పోయొచ్చు. బంకమట్టి దొరికితే పై పొరలో కొంచెం కలపడం ఇంకా నిలకడైన మందు.

సరుకులో నా ఓటు పచ్చి ముక్కలకే. ఆకు, రెమ్మ, చెక్క, బెరడు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి త్వరగా, ఒకటి మెల్లగా కుళ్లుతూ నేలకు తిండి అందుతూ ఉంటుంది. పరిమాణాలు రకరకాలుగా ఉండటంతో అట్ట కట్టదు. ఒట్టి బెరడులో మైనపు గుణం ఎక్కువ, ఎండితే నీటిని తోసేస్తుంది. మీ నేలకు అసలే ఆ జబ్బు ఉంది. సరుకు దింపగానే గుట్టలో చెయ్యి పెట్టి, వాసన చూడండి. అడవి మట్టి వాసన వస్తే మంచిది. పులిసిన వాసన, ఘాటైన అమ్మోనియా వాసన వస్తే గాలి ఆడకుండా కుళ్లిందని అర్థం. అలాంటిది వెంటనే వేస్తే లేత ఆకులు మాడతాయి. పలచగా ఆరబెట్టి వాసన పోయాక వాడండి.

చెదలు చెక్క ముక్కల వల్ల పుట్టవు కానీ, గోడకు ఆనించి తడిగా పెడితే దగ్గర్లో ఉన్నవాటికి దారి దొరుకుతుంది. గోడకు 30 సెంటీమీటర్ల మేర ఖాళీ వదిలి అక్కడ కంకర పోయించండి.

మడి అంచుకు పనివాళ్లు మామూలుగా పారతో వాలుగా గాడి తీస్తారు. ఇసుకలో అది నిలబడదు, నాలుగు వానలకే కూలిపోతుంది. ఇటుకలు కానీ, చెక్క పలక కానీ నిలబెట్టమనండి.

ఇంకొకరు:

ఎండుగడ్డి వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అది ఏ పొలం నుంచి వచ్చింది, దాని మీద కలుపు మందు కొట్టారా అని తప్పకుండా అడగండి. వెడల్పాకు కలుపును చంపే కొన్ని మందులు, ముఖ్యంగా క్లోపైరాలిడ్, అమినోపైరాలిడ్ లాంటివి గడ్డిలో, ఆ గడ్డి తిన్న పశువుల పేడలో కూడా నెలల తరబడి ఉండిపోతాయి. టమాటా, బీన్స్ వాటికి వెంటనే దెబ్బతింటాయి, చిగుళ్లు ముడుచుకుని గిన్నెల్లా వంకర తిరుగుతాయి. అనుమానం ఉంటే ఆ గడ్డిని చిన్న ముక్కలు చేసి కుండీ మట్టిలో కలిపి నాలుగు బీన్స్ గింజలు వేయండి. అది లేని ఇంకో కుండీ పక్కన పెట్టుకుని, రెండు మూడు జతల ఆకులు వచ్చేదాకా పోల్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

చివరిగా రెండు సందేహాలు. మల్చ్ వేశాక నీళ్లు ఎలా పెట్టాలి? బీన్స్ విత్తనాలు నేరుగా మడిలోనే వేస్తాం, వాటి మీద కూడా పరచొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

డ్రిప్ పైపు ఉంటే మల్చ్ కింద, నేలకు ఆనుకుని పరిపించండి. పరిచాక ఒకసారి నీళ్లు వదిలి అన్ని రంధ్రాలూ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని అప్పుడు కప్పాలి. డ్రిప్ లేకపోతే రోజూ కాస్త చల్లడం మానేసి, నేల దాకా దిగేలా ఒకసారి నిండుగా పెట్టండి. మళ్లీ ఎప్పుడు పెట్టాలో క్యాలెండర్ చూసి కాదు, మల్చ్ పక్కకు తోసి వేలు గుచ్చి తేల్చుకోండి. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆగొచ్చు. ఇసుక నేల కాబట్టి ఒకేసారి మరీ ఎక్కువ పోసినా కిందికే పోతుంది. నిండుగా అంటే వేళ్లున్నంత లోతు తడవడమే.

బీన్స్ వేసే వరుసలో అరచేయి వెడల్పున మల్చ్ జరిపి, గింజ వేసి, అలాగే ఖాళీగా ఉంచండి. మొలకలు 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎదిగాక రెండు వైపుల నుంచీ మెల్లగా దగ్గరికి జరపొచ్చు. చెక్క ముక్కలు ఇసుకలో కలవకుండా చూసుకోండి. కూరగాయల మడుల్లో తరచూ తవ్వుతారు కాబట్టి అక్కడ ముక్కలకు బదులు గడ్డి, నలిపిన ఆకులే సుఖం. చెక్క ముక్కలు పొదల మడులకు ఉంచుకోండి. ఇసుక నేలలో ఇవన్నీ త్వరగా కరిగిపోతాయి. ఏడాదికోసారి మందం కొలిచి, 5 సెంటీమీటర్లకు తగ్గిన చోట మాత్రమే పైన కొత్తది వేయించండి.