సమస్యాపూరణం: ఇల్లు గెంటివేసె నింటివాని

అమలాపురం (నిర్వాహకుడు): ఈ వారం ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం "ఇల్లు గెంటివేసె నింటివాని". అడగకుండానే మన పనులు చక్కబెట్టే యంత్రాలు డెల్టా ఇళ్లలోకీ వచ్చాయి కదా, వాటి మీద పూరించండి. భార్య గెంటిందనే పూరణలు చాలా చూశాం, అవి వద్దు.

రాజోలు:
చెత్త వేయ వెలికి జేరంగ దలుపుకు
తాళమదియె పడెను తనకు తానె
లుంగితోడ నిలిచె, లోన ఫోనున్నది
ఇల్లు గెంటివేసె నింటివాని

భీమవరం: ధార బాగుంది. కానీ తాళానికి అంత అధికారమా? అతిశయోక్తి.

నిర్వాహకుడు: కాదండి. తలుపు మూసిన కొన్ని సెకన్లకు గడియ దానంతటదే పడే ఏర్పాటు స్మార్ట్ తాళాల్లో ఉంటుంది. అమెరికాలో 2017 ఆగస్టులో ఒక కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేటుతో సుమారు 500 తాళాలు మొరాయించాయి. నా అభ్యంతరం వేరు. "ఉన్నది" తర్వాత పాదం అచ్చుతో మొదలైంది, సంధి జరగలేదు. పాతకాలపు పండితులు ఒప్పుకోరు. ఆ లుంగీని చూసి నేను ఒప్పుకుంటున్నాను.

నరసాపురం:
పులస పులుసు పెట్టి పోపు వేయంగనే
పొగను జూచి బెదిరి, పోరు పెట్టి
గోల గోల జేసి, గుండె లదర వంట
యిల్లు గెంటివేసె నింటివాని

యానాం: "వంట" తెచ్చి అతికించడం గడుసుతనం, సంధి చిక్కూ తీరింది. కానీ పులస పులుసుకు పోపు ఏమిటండీ! బెండకాయలు వేసి, కట్టెల పొయ్యి మీద సన్నసెగన మరగనిచ్చి, మర్నాడు తినే కూర అది. మొదటి పాదం "పులస పులుసు కొరకు పొయ్యి రాజేయగా" అనండి, పొగకు కారణమూ దొరుకుతుంది.

నరసాపురం: శిరోధార్యం. మా ఇంటి పైకప్పుకు బిగించిన, పొగను పసిగట్టే పరికరం ఆవిరిని చూసినా పొగే అనుకుని అరుస్తుంది. దానికి పులస గురించి ఏం చెప్పగలం?

భీమవరం:
గాలివాన వెలిసి కరెంటు రాగానె
వెలిగె బల్బులన్ని వీధిదాక
చెప్పినట్లు వినదు, చీకటి నివ్వదు
ఇల్లు గెంటివేసె నింటివాని

నిర్వాహకుడు: "చీకటి నివ్వదు" ఈ వారానికి మేలైన మాట. అయితే "కరెంటు" జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ రావలసిన ఇంద్రగణంగా చెల్లదు. "వాన వెలిసి రాత్రి వచ్చె విద్యుత్తని" అంటే గణాలూ యతీ కుదురుతాయి. నిజానికి బల్బు మాట వినకపోవడం కాదిది. విద్యుత్తు పోయి వస్తే వెలగాలని చాలా స్మార్ట్ బల్బులకు తయారీలోనే పెట్టి పంపుతారు, లేకపోతే గోడ మీద స్విచ్ వేసినా వెలగవు. ఫోనులో మార్చుకోవచ్చు. గెంటింది ఇల్లు కాదు, ఆ అమరిక పెట్టినవారు.

భీమవరం: మార్చుకుంటాను. రొయ్యల చెరువులో ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) మాత్రం వాటంతటవే తిరిగినా నాకు సంతోషమే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళకు నాకు మెలకువ రాదు.

ముక్తేశ్వరం (1986 ఆగస్టు వరద తలచుకుని):
లంక మునిగె నాడు లాంచీలు రాలేదు
గోడ కరిగె నీట, గూడు చెదరె
గట్టు మీద నిలిచి కన్నీరు గార్చెను
ఇల్లు గెంటివేసె నింటివాని

రాజోలు: యంత్రమే లేదు. నియమానికి విరుద్ధం.

నిర్వాహకుడు: విరుద్ధమే. అయినా నా ఓటు దీనికే. "కరిగె" అనగానే మట్టిగోడ కనిపించింది, గోదావరి పేరెత్తకుండానే గోదావరి వచ్చింది. మూడో పాదంలో కన్నీరు మాత్రం అనవసరం, గట్టు మీద నిలబెట్టి వదిలేయవలసింది.

వచ్చే వారం తేటగీతి: "చేప వలవేసి జాలరిం జేరదీసె". ఈసారి పులుసుల జోలికి వెళ్లకండి.