రిజిడ్ ఫ్రేమ్ బండి: నడుం నొప్పి తగ్గాలంటే ముందు ఏది మార్చాలి?

పాత బుల్లెట్ 350 ఇంజన్‌తో వెనుక షాక్‌లు లేని రిజిడ్ ఫ్రేమ్ బండి కట్టించాను. తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్తుంటే చంద్రగిరి దాటేసరికి, అంటే 25 నిమిషాల్లోపే, నడుం కింది భాగం పట్టేస్తోంది.

నా బరువు 82 కిలోలు. సింగిల్ సీటు కింద 3 అంగుళాల స్ప్రింగులు రెండున్నాయి. స్పీడ్ బ్రేకర్ రాగానే అవి పూర్తిగా అణిగిపోయి, సీటు అడుగు ఫ్రేమ్‌కి టక్కున కొట్టుకుంటుంది. అక్కడ పెయింట్ లేచి ఇనుము మెరుస్తోంది. గట్టి స్ప్రింగులు వేస్తే అసలు అణగవు, చెక్క మీద కూర్చున్నట్టే. "ఎద్దుల బండిలో కూడా గడ్డి పరుస్తారన్నా" అని మెకానిక్ నవ్వాడు, నిజమే.

వెనుక టైరు సైజు 4.00-18. గాలి 32 నుంచి 24 పీఎస్‌ఐకి తగ్గిస్తే కుదుపు కాస్త తగ్గింది కానీ మలుపుల్లో బండి ఊగింది. మళ్లీ 28కి పెట్టాను. సీటు మీద జెల్ ప్యాడ్ వేసినా తేడా లేదు.

ఫుట్‌రెస్టులు బాగా ముందుకున్నాయి, అందుకే గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేవలేకపోతున్నాను. బరువంతా వెన్ను మీదే పడుతోంది.

ఇలాంటి బండి నడిపినవాళ్లు చెప్పండి: ముందు ఫుట్‌రెస్టులు మోకాళ్ల కిందికి జరపాలా, లేక 5 అంగుళాల స్ప్రింగులు వేయించాలా?