బంకగా మారి పగుళ్లిచ్చిన డాష్‌బోర్డును ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా కారు కొని 15 సంవత్సరాలు దాటింది. ఇంజను ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నందున దానిని వదులుకోవాలని లేదు. కానీ లోపల కూర్చున్న ప్రతిసారీ డాష్‌బోర్డును చూస్తే బాధ కలుగుతోంది. ముందు అద్దానికి దగ్గరగా రెండు చోట్ల నెర్రెలు విచ్చింది. పెద్ద పగులు జానెడు కంటే పొడవుంది, దాని అంచులు ఎండిన ఆకులా పైకి లేచాయి, లోపలి పసుపుపచ్చని స్పంజి కనిపిస్తోంది. ఆ పగులు ఎడమవైపు సీటు ముందున్న ఎయిర్‌బ్యాగ్ మూతకు రెండు వేళ్ల దూరంలో ఆగింది. ఇది కాక, ఏసీ జాలీల చుట్టూ, స్విచ్చుల మీదా ఉన్న నల్లటి మెత్తని పూత బంకలా మారి, వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. సబ్బునీటితో తుడిచాను, మెరుపునిచ్చే ద్రవం కూడా రాశాను. రెండు రోజులు బాగున్నట్టు అనిపించి, తరువాత ధూళి మరింతగా అంటుకుంది. పగుళ్లను పూడ్చి, మొత్తానికి ఒకే రంగు వేస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

మీరు ఒకే జబ్బు అనుకుంటున్నవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులండీ. ఈ తేడా తెలియకుండా రంగు డబ్బా చేతిలోకి తీసుకుంటే శ్రమ వృథా అవుతుంది.

బంకగా మారినది ప్లాస్టిక్కు కాదు, చేతికి మెత్తగా తగలాలని దాని మీద వేసిన పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమ, వేడి కలిసి ఏళ్ల తరబడి ఆ పూతలోని రసాయన బంధాలను తెంచుతూ వస్తాయి; అందువల్ల అది గట్టిపడడానికి బదులు తిరిగి జిగురుగా మారుతుంది. అలా చెడిపోయిన పూతను మళ్లీ బాగుచేసే ద్రవం ఏదీ లేదు. దాని మీద పౌడరు చల్లినా, కొత్త రంగు వేసినా కింద ఉన్న బంక అలాగే ఉంటుంది కనుక పైపొర కొద్ది కాలంలోనే జారిపోతుంది. దానిని పూర్తిగా తీసివేయడమే మార్గం.

అందుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. గుడ్డను దానితో తడిపి, భాగం మీద ఒక నిమిషం పాటు పరచి ఉంచి, తరువాత ఒకే దిశలో తుడవండి. పూత నల్లని ముద్దలా ఉండలు కట్టి గుడ్డకు వస్తుంది. గుడ్డను తరచుగా మార్చాలి, లేకపోతే తీసిన బంకనే మళ్లీ పులిమినట్టు అవుతుంది. అసిటోనునూ, రంగులలో కలిపే థిన్నరునూ దగ్గరకు రానివ్వకండి. అవి కింద ఉన్న ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్కునే కరిగిస్తాయి, మీటర్ల ముందున్న పారదర్శకమైన మూతను పాడుచేస్తాయి. ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి తలుపులన్నీ తెరిచి, నీడలో పనిచేయండి.

స్విచ్చుల విషయంలో ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చాలా కార్లలో బొమ్మలు, అక్షరాలు ఆ నల్లని పూతలోనే చెక్కి ఉంటాయి. వాటి సందుల నుంచే రాత్రిపూట వెలుతురు వస్తుంది. పూత పోతే గుర్తులూ పోతాయి, స్విచ్చు మొత్తం తెల్లగా వెలుగుతుంది. కనుక ముందుగా కనిపించని మూలలో ప్రయత్నించి చూడండి.

రెండవ సమాధానం

పైన చెప్పినది బంక గురించి. పగుళ్ల గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఈ పని నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి విఫలమయ్యాను.

డాష్‌బోర్డు పైతోలు పీవీసీ అనే ప్లాస్టిక్కుతో చేసినది అయితే, దానిని మెత్తగా ఉంచే నూనె వంటి పదార్థాలు వేడికి కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటాయి. ముందు అద్దానికి లోపలివైపు అప్పుడప్పుడు కనిపించే జిడ్డు మసకలో కొంత భాగం అదే. ఆ పదార్థాలు పోయిన తోలు బిగుసుకుని, ముడుచుకుని, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చిట్లుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కగలదు, రాత్రికి చల్లబడుతుంది; ఈ సాగడం, కుంచించుకోవడం మీరు పూడ్చిన తరువాత కూడా ఆగవు. నేను మొదటిసారి కారు బాడీకి వాడే గట్టి పుట్టీని నింపాను. కొన్ని నెలలకే దాని అంచు వెంట వెంట్రుకంత గీత కనిపించింది, తరువాత పుట్టీ పలకలా ఊడివచ్చింది.

రెండవసారి ప్లాస్టిక్ బంపర్లకు వాడే, రెండు భాగాలను కలిపి వాడే, ఆరిన తరువాత కూడా వంగే పుట్టీని తీసుకున్నాను. పైకి లేచిన అంచులను అదిమి అతికించాలని చూడకండి, అవి నిలవవు. పదునైన బ్లేడుతో కోసివేయండి. పగులుకు ఇరువైపులా వేలి వెడల్పు మేర ఏటవాలుగా గీకి, లోపలి స్పంజిని తోలు మట్టం కంటే కొంచెం లోతుకు తవ్వండి. పుట్టీని ఒకేసారి కూరకుండా పలుచని పొరలుగా వేసి, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరనివ్వండి. తరువాత 180 నంబరు, ఆపై 320 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. మట్టం వచ్చిందో లేదో కంటితో చూస్తే తెలియదు. కళ్లు మూసుకుని అరచేతితో నిమిరితే చిన్న గట్టు కూడా తెలుస్తుంది.

రంగుకు ముందు, మీరు రాసిన ఆ మెరుపు ద్రవంలో సిలికాన్ ఉండి ఉంటే, దానిని జిడ్డు తీసే ద్రవంతో రెండు మూడు సార్లు కడగకపోతే రంగు ఆ చోట నిలవక గుండ్రని గుంటలు పడుతుంది. పూడ్చిన చోట తోలు మీది గరుకు గింజ (సన్నని బొడిపెల తీరు) ఉండదు కనుక, అటువంటి గింజనిచ్చే స్ప్రేను పలుచగా కొట్టి, దానిపై వినైల్ రంగును మూడు నాలుగు పలుచని పూతలుగా వేయండి. పగులు వరకే రంగు వేస్తే మచ్చలా కనిపిస్తుంది; ఒక అతుకు నుంచి మరొక అతుకు వరకు మొత్తం పలకకు వేయాలి. మెరుపు లేని రంగునే ఎంచుకోండి, మెరిసే డాష్‌బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబించి దారి సరిగా కనిపించనివ్వదు.

మూడవ సమాధానం

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టినది రెండు వేళ్ల దూరం అనే మాట. ఎయిర్‌బ్యాగ్ మూత వెనుక కావాలనే పలుచగా చేసిన గీత ఉంటుంది. ఢీకొన్నప్పుడు సెకనులో ముప్పయ్యవ వంతు కాలంలోనే సంచి ఉబ్బి, ఆ గీత వెంట మూతను చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద పుట్టీ, జిగురు, మందమైన పూత చేరితే మూత తెరుచుకునే తీరు మారిపోతుంది, గట్టిపడిన ముక్కలు ఎదుట కూర్చున్న వారి ముఖం మీదికి ఎగురుతాయి. కొన్ని కార్లలో ఈ గీత పైకి కనిపించదు కూడా, కాబట్టి మూత అంచు ఇక్కడే ముగిసిందని కంటితో చూసి నిర్ధారించుకోలేరు.

అందువల్ల మీ పెద్ద పగులులో మూత వైపున్న భాగాన్ని పూడ్చవద్దని నా విన్నపం. డాష్‌బోర్డును విప్పవలసి వస్తే బ్యాటరీ తీగను తీసి, కారు తయారీదారు పుస్తకంలో చెప్పినంత సేపు ఆగిన తరువాతే ముట్టుకోండి. ఎయిర్‌బ్యాగ్ తీగలను కరెంటు కొలిచే మీటరుతో పరీక్షించడం అస్సలు చేయకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న జాలీల చుట్టూ ఉన్న బంకను తీశాను. ఒక్క జాలీకే ఆరు గుడ్డముక్కలు పట్టాయి, కింద నుంచి శుభ్రమైన బూడిదరంగు ప్లాస్టిక్కు బయటపడింది. స్విచ్చులలో ఒకదాని మూలను పరీక్షించగా బొమ్మ కరగడం మొదలైంది, వెంటనే ఆపివేశాను. చిన్న పగులు మూతకు చాలా దూరంగా ఉంది కనుక దానిని పుట్టీతో పూడుస్తాను. పెద్ద పగులును ఏం చేయాలి? అలా తెరిచి ఉంచితే స్పంజి పొడిపొడిగా రాలుతోంది.

మూడవ సమాధానం రాసినవారి నుంచి మరొక మాట

మీ కారు నమూనాకే తయారైన, ఎయిర్‌బ్యాగ్ చోట ఖాళీ వదిలిన అచ్చు తొడుగు దొరికితే దానిని వేయించుకోండి. దొరకకపోతే పాత కార్ల విడిభాగాలలో పగుళ్లు లేని డాష్‌బోర్డు పలకను వెతికి, ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్కు చేత మార్పించండి. అంతవరకు రాలుతున్న స్పంజిని మెత్తని కుంచెతో తుడిచి, ఎండలో నిలిపినప్పుడు అద్దం వెనుక నీడనిచ్చే అట్టను పెట్టండి. బండి నడిపేటప్పుడు ఆ అట్టను తీసివేయడం మరిచిపోకండి.