‘మేం’ అనాలా ‘మనం’ అనాలా? జమ్యాతిన్ నవల పేరు దగ్గరే ఆగిపోయా

అందరికీ నమస్కారం. రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920-21లో రాసిన నవల, ఇంగ్లీషులో ‘వుయ్’ అని 1924లో వచ్చింది కదా, దాన్ని సరదాగా తెలుగు చేద్దామని కూర్చుంటే రెండ్రోజులుగా పేరు దగ్గరే ఉన్నా. అందులో మనుషులకి పేర్లుండవు, నంబర్లే. గాజు గోడల ఇళ్లు, ముద్దకి 50 సార్లు నమలాలని రూలు, అందరూ ఒకే క్షణంలో చెంచా ఎత్తాలి. ఇలాంటి లోకానికి ‘మనం’ అంటే సరిపోతుంది అనిపిస్తుంది, కానీ కథ చెప్పే డీ-503 ఆ డైరీ రాసేది వేరే గ్రహాలవాళ్ల కోసం, అంటే చదివేవాడు బయటివాడు, అప్పుడు ‘మేం’ అవ్వాలి కదా? రష్యన్‌కి ఈ తంటా లేదు, ఒక్క మాటే. హిందీ ‘హమ్’ అయినా కన్నడ ‘నావు’ అయినా అంతే. మనకీ తమిళంవాళ్లకీ రెండున్నాయి.

జవాబు: ‘మనం’ పెట్టండి సార్. సమష్టి పేరుతో మనిషిని మింగేసేది ఆ మాటే. మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో సెక్రటరీగారు ‘మనం నిర్ణయించుకున్నాం’ అన్నారు, నన్ను ఒక్కమాటా అడగలేదు, లేచి ‘మీరు నిర్ణయించుకున్నారండీ’ అంటే అందరూ నన్నే వింతగా చూశారు. ‘మేం’ అంటే కనీసం నేను బయట ఉన్నానని ఒప్పుకున్నట్టు, ‘మనం’లో ఆ వీలు కూడా ఉండదు.

జవాబు: అలాగని ‘మనం’ని విలన్ చేసేస్తే ఎలా అండీ, కరువులో చెరువు పూడిక తీసింది ఆ మాటతోనే కదా. ఇంకోటి, అమెరికన్ రచయిత్రి అయిన్ రాండ్ 1938 నాటి నవల ‘ఆంథెమ్’లో ‘నేను’ అనే మాటే నిషేధం, హీరో తన ఒక్కడి గురించే ‘వుయ్’ అంటాడు. ఇంగ్లీషులో అది చెవికి గుచ్చుకుంటుంది. తెలుగులో ‘మేం’ అంటే రాజుగారు మాట్లాడినట్టుంటుంది, ‘మా ఇల్లు’ ‘మా ఆవిడ’ అయితే ఎవడైనా తన ఒక్కడి గురించే రోజూ అనేదే, ఎవరికీ వింతగా ఉండదు. వ్యక్తివాదం నూరిపోసే పుస్తకం మన భాషలోకొచ్చేసరికి దాని పదును ఇక్కడే పోతుంది, నాకైతే దానికి బాధ లేదు.

(మొదట రాసింది నేనే) ఇద్దరి మాటా పట్టింది. పేరు ‘మేం’ అనే పెడుతున్నా, ఎందుకంటే డైరీ బయటివాళ్లకి. నంబర్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు ‘మనం’. డీ-503 ప్రేమించే ఐ-330 దగ్గర మాత్రం ‘మనిద్దరం’ అని రాస్తుంటే చెయ్యి ఆగింది, ఆ ఇద్దరి మనం రాజ్యానికి పనికిరాదు కదా, పాపం. చివర్లో ఆపరేషన్ చేసి డీ-503 ఊహాశక్తిని తీసేస్తారు, ఆమెని హింసిస్తుంటే పక్కన కూర్చుని చూస్తాడు, గెలుపు తమదేనని రాసుకుంటాడు. అక్కడ మేమూ వద్దు మనమూ వద్దు, మన క్రియకి రెండింటికీ తోక ఒకటే కాబట్టి ఉత్తి ‘గెలుస్తాం’ అని వదిలేశా.