నివురుగప్పిన నిప్పు అనొచ్చా, ఈ వైరస్‌ని?

పెందుర్తి మేనల్లుడు:
గ్రూపులో పెద్దలకు ఒక సందేహం. మా మావయ్యకి మెడ పక్కన బిళ్ళ కట్టింది. విశాఖలోనే ముక్క తీసి పరీక్ష చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ కణాల్లో వచ్చే ఒక క్యాన్సర్, అని తేలింది. రిపోర్టు చివర 'ఈబర్ పాజిటివ్' అని ఒక లైను. అంటే ఆ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉందని. ఇదెక్కణ్ణుంచి వచ్చిందని అత్త అడిగితే, "ఎప్పుడో చిన్నప్పుడు ఒంట్లో చేరి నివురుగప్పిన నిప్పులా ఉండిపోయింది" అన్నాను. మంచి మాట దొరికిందని లోపల కాస్త మురిసిపోయాను కూడా. మర్నాడు చూస్తే మావయ్య స్టీలు గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. గ్లాసు వేరే గూట్లో బోర్లించి ఉంది. "నిప్పన్నావు గదరా, ఎంగిలి తగిల్తే మాకూ అంటుకోదేటి?" అంది.
వైరస్ ఇలా ఒంట్లో దాగి ఉండిపోతే ఇంగ్లీషులో లేటెంట్ అంటారు. దానికి గుప్త, నిద్రాణ అని పుస్తకాల్లో చూశాను. మీరైతే ఏమంటారు?

చాదస్తం మాస్టారు:
నివురు అంటే నిప్పు మీద పేరుకునే సన్నని బూడిద పొర. నివురు, కప్పిన కలిస్తే గసడదవాదేశంతో 'గప్పిన' అయింది. కట్టెల పొయ్యి ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి ఉంచితే తెల్లారి ఊదగానే రాజుకునేది. ఊదితే మండి తీరుతుందన్న అర్థం ఆ మాటలోనే ఉంది. కక్షకీ, ఊరి గొడవకీ సరిపోతుంది. వైరస్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పాలి.

ల్యాబ్ అక్క:
స్లైడ్లు చూసే పని నాది. నిప్పు మాట వద్దు తమ్ముడూ. పెద్దవాళ్ళలో 100కి 90 మందికి పైగా ఈ వైరస్ ఒంట్లో ఉంటుంది. మన దగ్గర చాలామందికి చిన్నతనంలోనే, ఎంగిలి ద్వారానే వచ్చేస్తుంది. మీ అత్త అనుమానం సరైనదే, కాకపోతే యాభై ఏళ్ళు ఆలస్యం. వాళ్ళలో ఎక్కువమందికి అది ఏనాడూ రాజుకోదు.
ఇంకోటి. నివురు తొలిగి నిప్పు పైకొస్తేనే కదా మంట. ఇక్కడ వైరస్ పైకి రానే రాదు. వచ్చి తన సంతానాన్ని పెంచుకుంటే ఆ కణమే చచ్చిపోతుంది. కేంద్రకంలో ఉంగరంలా చుట్టుకుని కూర్చుంటుంది, కణం రెండైతే అదీ రెండవుతుంది. దాని ప్రోటీన్ ఎల్ఎంపీ1, బయట ఎవరూ పిలవకపోయినా 'పెరుగు, చావకు' అని కణానికి సంకేతం ఇస్తూనే ఉంటుంది. మండేది కణం. ఈబర్ పరీక్ష స్లైడులో చుట్టూ ఉన్న చిన్న కణాలు పాలిపోయి ఉంటాయి, వైరస్ ఉన్న పెద్ద క్యాన్సర్ కణాల కేంద్రకాలు మాత్రం నేరేడు పళ్ళలా ముదురుగా కనిపిస్తాయి.

గాజువాక కుర్రోడు:
అయితే 'పుల్లలు పెట్టడం' అనండి. మా వీధిలో ఒకాయన ఉన్నాడు, తను అరుగు దిగడు, కొట్టుకునేది పక్కవాళ్ళు.

ల్యాబ్ అక్క:
ఇది బాగుంది! కానీ పుల్ల ఒక్కటే చాలదు. 1958లో బర్కిట్ అనే సర్జన్ ఉగాండా పిల్లల దవడ గడ్డల గురించి రాశారు. 1964లో లండన్‌లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ అలాంటి గడ్డ కణాల్లోనే ఈ వైరస్‌ని చూశారు. వైరస్ ప్రపంచమంతా ఉంది, ఆ గడ్డలు మాత్రం మలేరియా బాగా ఉన్నచోటే ఎక్కువ. ఒంట్లో ఇమ్యూనిటీ కాపలా కూడా సడలాలన్నమాట. కిడ్నీ మార్పిడి అయ్యాక ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్ళలోనూ ఈ వైరస్ తాలూకు లింఫోమాలు వస్తాయి. ఆ మందుల మోతాదు తగ్గిస్తే కొందరిలో గడ్డ కరుగుతుంది కూడా.

చాదస్తం మాస్టారు:
గుప్త అంటే దాగినది, నిద్రాణ అంటే నిద్రపోతున్నది. పుల్లలు పెట్టేవాణ్ణి నిద్రపోతున్నాడనడం నాకు మింగుడుపడదు. 'తిష్ఠ వేసింది' అంటాను. మంచికో చెడ్డకో తెలీదు గానీ కదలదు.

పెందుర్తి మేనల్లుడు:
"నీ ఒంట్లోనూ, నా ఒంట్లోనూ తిష్ఠ వేసే ఉంటుంది" అని అత్తకి ఇప్పుడే చెప్పాను. "ఆ ముక్క ముందే ఏడవొచ్చు గదరా" అని గ్లాసు తెచ్చి అందరి గ్లాసుల్లో కలిపేసింది.

ల్యాబ్ అక్క:
అయ్యో, కలపనివ్వకు! కీమో మొదలైతే ఆయన ఒంట్లో తెల్ల కణాలు తగ్గుతాయి, మీ జలుబూ దగ్గూ ఆయనకి అంటకూడదు. గ్లాసు వేరుగానే ఉండనీ, ఎందుకో మాత్రం తిరగేసి చెప్పు.