ఐర్లాండ్ పక్ ఫెయిర్‌కి నాన్నని తీసుకెళ్తున్నా, చూసినవాళ్ళు చెప్పండి

బ్రాడీపేట_4వలైను:
అందరికీ నమస్తే. మా చెల్లి కార్క్‌లో ఉంటుంది, ఆగస్టులో నాన్నని తీసుకుని వెళ్తున్నా. మాది అమరావతి వైపు పల్లెటూరు, నాన్న ఒకప్పుడు బండలాగుడు పందేలకి ఒంగోలు గిత్తల్ని మేపిన మనిషి, ఇప్పటికీ కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్తే ప్రభల కంటే ముందు ఎడ్లనే చూస్తాడు. మ్యూజియాలు ఆయనకి పట్టవు. అక్కడ కిల్లార్గ్లిన్ అనే ఊళ్ళో పక్ ఫెయిర్ అని పశువుల సంతా జాతరా కలిపి చేస్తారంట, ఆయనకి నచ్చుతుందా?

పటమట_పిల్ల:
లిమరిక్‌లో చదివేటప్పుడు వెళ్ళానండి. ఏటా ఆగస్టు 10, 11, 12, ఏ వారం పడినా తేదీలు మారవు. 10న పొద్దున్నే గుర్రాల సంత, సాయంత్రం కొండమీంచి పట్టుకొచ్చిన అడవి మేకపోతుని ఊరేగించి స్కూల్ పిల్ల ఒకమ్మాయి దానికి కిరీటం పెడుతుంది, ఇక అది దిగేదాకా ఊరికి అదే రాజు. 11న ఆవుల సంత. 1613లో ఇంగ్లండ్ రాజు జేమ్స్ ఈ సంతకి ఇచ్చిన అనుమతి పత్రం ఉంది, సంత అంతకంటే పాతదని ఊళ్ళోవాళ్ళు గట్టిగా చెప్తారు. కాకపోతే కాడి కట్టే ఎడ్లు కనపడవు, మూపురం ఉండదు, నాన్నగారికి ముందే చెప్పండి.

నాకు బాధేసింది మాత్రం మేకపోతు విషయంలోనే. అంత ఎత్తు మంచె మీద, కింద ఆ మైకుల గోల. 2022లో ఎండలు ముదిరితే జనం అడిగారని కిందకి దించారు, మంచి పని చేశారు. పండగయ్యాక మళ్ళీ కొండల్లో వదిలేస్తారు.

కృష్ణలంక_బాబాయ్:
నేను పక్ చూళ్ళేదమ్మా, అక్టోబర్‌లో గాల్వే కౌంటీలో బాలినస్లో అనే ఊరి గుర్రాల సంత చూశా. బేరం చూడాలి అక్కడ! మన సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని దళారి గుట్టుగా తేలుస్తాడా, వీళ్ళు నలుగురి మధ్యా అరుచుకుంటూ, ఒకడు వెళ్ళిపోతుంటే మధ్యవర్తి లాక్కొచ్చి ఇద్దరి చేతులూ కలిపి చరిపిస్తాడు, చెయ్యి చరిస్తే బేరం అయిపోయినట్టే. తర్వాత అమ్మినాయన కొంత డబ్బు తిరిగి కొన్నాయన చేతిలో పెట్టాడు, లక్ మనీ అంటారంట, మన కొసరులాగా. అరగంట కదల్లేదు నేను అక్కణ్ణించి.

కొరిటెపాడు_పశువైద్యం:
ఒక్కటి మర్చిపోవద్దండీ. మన దగ్గర గాలికుంటు అనే పశువుల అంటురోగం ఉంది, వాళ్ళకి లేదు, 2001లో లౌత్ కౌంటీలో ఒక్కచోట బయటపడితేనే వేల జీవాల్ని చంపాల్సొచ్చింది. నాన్నగారు కొష్టంలో తిరిగిన చెప్పులు, బట్టలు ఇక్కడే వదిలెయ్యండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి సూట్‌కేస్‌లో పెట్టొద్దు, రూల్ ప్రకారం రానివ్వరు.

పటమట_పిల్ల:
కార్క్ నుంచి రైల్లో మాలో అనే స్టేషన్ దగ్గర మారి కిల్లార్నీ, అక్కణ్ణించి బస్సు. కిల్లార్గ్లిన్‌కి రైలు లేదు. ఆ మూడు రోజులూ ఊళ్ళో రూములు దొరకడం కష్టం, కిల్లార్నీలో ఇప్పుడే చూసుకోండి. ఆగస్టైనా వాన పడుద్ది, నాన్నగారికి జాకెట్ ఉండాల్సిందే. ఐర్లాండ్ షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) లేదు, ఆ వీసా పనిచెయ్యదు.

బ్రాడీపేట_4వలైను:
చాలా థాంక్స్ అందరికీ. మొత్తం నాన్నకి చదివి వినిపించా. అంతా విని, పళ్ళు చూడనిస్తారా అని అడుగుతున్నాడు.

కృష్ణలంక_బాబాయ్:
వయసు తెలియడానికి కొనేవాళ్ళు ముందు చూసేది పళ్ళేనయ్యా. యజమానిని అడిగి చూడమను, అడక్కుండా ముట్టుకోవద్దు, గుర్రం వెనక మాత్రం అస్సలు నిలబడొద్దని చెప్పు.